పని పోయిన యూరు

పటాన్‌చెరు, పాశమైలారము ప్రాంతములలో పెక్కిండ్ల పొయ్యి కార్ఖానా షిఫ్టును బట్టి వెలుగును. ఆ కార్ఖానా మూతపడెనేని యింటికి జీతము రాకుండుట యొక్కటియే నష్టమా? ఈ ప్రశ్నను శాస్త్రరీతిని పరిశోధించిన యొక విదుషి చరిత్రమును మా సోదరీమణులకు దెలుపగోరుచున్నాము.

మేరీ యహోడా 1907 వ సంవత్సరమున వియన్నా నగరమున జనించెను. ఆ నగరమునకు సమీపమున నున్న మారియెంతాల్ గ్రామమునకు బట్టల మిల్లే జీవనాధారము. 1930 నాటికి మిల్లు మూతపడెను. 1931 లో నీమెయు, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ మొదలగువారును అచ్చటి 478 కుటుంబముల స్థితిగతులను పరిశీలింపబూనిరి. ఊరక చూచిపోవుటకై యెవ్వరును రాగూడదని వారి నియమము. అందుచే బట్టలు పంచిరి, వైద్యసహాయము గావించిరి, స్త్రీలకు గుడ్డలు కత్తిరించుట నేర్పిరి. వారి గ్రంథము 1933 లో వెలువడెను.

తీరిక దొరకిన చదువు హెచ్చునని మనము తలంతుము. అచ్చట గ్రంథాలయపు రుసుము తీసివేసినను పుస్తకములు గొనిపోవుట సుమారు సగమునకు తగ్గెను. పురుషులు వీథిలో మాటిమాటికి నిలిచిపోవుచు మెల్లగా నడచిరి. ప్రొద్దెట్లు గడచినదో చెప్పలేకుండిరి. స్త్రీలు వడిగా నడచిరి. వంటయు, పిల్లలును, చిరుగుల కుట్టును వారిని విడువలేదు. అయినను, పూర్వము మిల్లుపనియు నింటిపనియు జేసి యలసిన స్త్రీలలో బెక్కండ్రు మరల మిల్లునకు బోగోరిరి. ఆ కోరిక కూలికొఱకు మాత్రమే కాదు, నలుగురితో గలసియుండుటకును.

రహస్య సోషలిస్టు ఉద్యమమున బాల్గొన్నందులకు 1936 లో యహోడాను చెరసాలలో బెట్టిరి. దేశము విడువవలెనను నిబంధనపై 1937 లో విడుదల చేసిరి. ఆమె యింగ్లండునకు, 1945 లో నమెరికాకు బోయెను. మరల నింగ్లండు చేరి, 1965 లో ససెక్స్ విశ్వవిద్యాలయమున సాంఘిక మనస్తత్త్వశాస్త్రాచార్య పదవి నందెను. ఉద్యోగము జీతముతోపాటు కాలమునకు క్రమమును, నలుగురి సాంగత్యమును, ఉమ్మడి ప్రయోజనమును, గౌరవమును, నిత్యవ్యాపారమును ఒసగునని 1982 నాటి గ్రంథమున వివరించెను. 2001 లో గతించెను.

కావున, సోదరీమణులారా, పని పోయి యింట గూర్చున్నవానిని సోమరియని నిందింపకుడు; ఆతని దినమునకు గట్టు తెగినది. పని పోయిన స్త్రీని ‘నీకు ఇల్లున్నది గదా’ యని యూరడించి యూరకుండకుడు. ఆమె పోగొట్టుకొన్నది కూలి మాత్రమే కాదు.