బడి భయం బిడ్డది, బోనులో తల్లి

ఏటా జూన్ రెండో వారంలో మన బడులు తెరుస్తారు. మొదటి నాలుగు రోజులు ఏడ్చి సర్దుకునే పిల్లల సంగతి వేరు. దసరా సెలవులు అయిపోయినా పొద్దున్నే కడుపునొప్పని ముడుచుకుపోయే పిల్లలు ఉంటారు. వాళ్ల గురించి, అంతకన్నా ముఖ్యంగా వాళ్ల తల్లుల గురించి ఈ వారం చెప్పాలనుంది.

ఆ ఇళ్లలో గొడవ ఆదివారం సాయంత్రమే మొదలవుతుంది. పాప అన్నం సరిగా తినదు. రాత్రి లేచి లేచి ‘రేపు బడి ఉందా అమ్మా?’ అని అడుగుతుంది. పొద్దున యూనిఫాం వేసి, జడలు వేసి, బూట్లు తొడిగేసరికి తిన్న రెండు ఇడ్లీలూ కక్కేస్తుంది. కింద వ్యాన్ డ్రైవర్ హారన్ కొడుతుంటాడు. ‘అంతా నీ గారాబమే’ అంటారు అత్తగారు. ‘ఇవాళ కూడానా?’ అని విసుక్కుంటాడు భర్త. తల్లి ఒక చేత్తో వాంతి తుడుస్తూ, ఇంకో చేత్తో ఆఫీసుకి ఆలస్యమవుతుందని మెసేజ్ పెడుతుంది. వ్యాన్ వెళ్లిపోయిన గంటకి పాప లేచి ఆడుకుంటుంటే ‘చూశావా, అంతా నాటకం’ అనే మాట కూడా ఆమే పడాలి.

అది నాటకం కాదు. భయపడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, జీర్ణక్రియ తారుమారవుతుంది. ఆ నొప్పి నిజం. బడి తప్పిందని తెలియగానే అది తగ్గడమూ నిజమే. ఆ భయానికి కారణాలు ఎన్నో ఉంటాయి. పుట్టుకతో వచ్చిన బెదురు స్వభావం కావచ్చు, తోటి పిల్లల వేధింపు కావచ్చు. చదవడంలో ఇబ్బంది ఉండి ఎవరూ గుర్తించకపోవచ్చు. ఊరు మారి ఉండొచ్చు, ఇంట్లో ఎవరైనా పోయి ఉండొచ్చు. వెళ్లలేనంత అధ్వాన్నంగా ఉన్న మరుగుదొడ్డి కూడా కారణమవుతుంది. ఇవేవీ అడగకుండా అందరి వేలూ తల్లి వైపే చూపిస్తుంది. ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అనే సామెత ఎలాగూ సిద్ధంగా ఉంది.

ఈ నిందకు వైద్యులు కూడా ఒకప్పుడు వంత పాడారు. 1941లో అమెరికాలో అడిలైడ్ జాన్సన్, ఆమె సహచరులు ‘స్కూల్ ఫోబియా’ అనే పేరు వాడుకలోకి తెచ్చినప్పుడు, తల్లీబిడ్డలు ఒకరిమీద ఒకరు అతిగా ఆధారపడటాన్నే దానికి మూలంగా చూపారు. ఇవాళ నిపుణులు పిల్లల స్వభావాన్నీ, బడినీ, ఇంటినీ కలిపి చూస్తున్నారు. మన ముందుగదుల్లో మాత్రం ఆ పాత తీర్పే నడుస్తోంది. తల్లి కూడా దాన్నే నమ్ముతోంది. ఏడాది నిండకుండానే ఉద్యోగానికి వెళ్లానని ఇలా అయిందా? చిన్నవాడు పుట్టాక దీన్ని పట్టించుకోలేదా? రాత్రిళ్లు ఆమెకు ఇదే లెక్క.

ఇలాంటి తల్లులకు తమ మీద తాము దయ చూపించుకోవడం అవసరం. దీనికి 2003లో శాస్త్రీయమైన నిర్వచనం ఇచ్చిన వ్యక్తి టెక్సస్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్. ఆటిజం ఉన్న కొడుకును పెంచిన తల్లి కూడా. ఆమె చెప్పిన అంశాలు మూడు. చెల్లెలు ఫోన్ చేసి ఇదే గోడు వెళ్లబోసుకుంటే ‘ఎంత అవస్థ పడుతున్నావే!’ అంటాం కదా, ఆ మాట మనకు మనమూ చెప్పుకోవడం మొదటిది. ఇది నా ఒక్కదాని ఇంట్లోనే లేదు, ఈ పూట ఎన్నో ఇళ్లలో జరుగుతోందని గుర్తుంచుకోవడం రెండోది. ‘నాకు కోపం వస్తోంది, భయంగా ఉంది’ అని ఉన్నదున్నట్టు గమనించడం, అక్కణ్నుంచి ‘ఇక దీని పదో తరగతి గతేంటి’ దాకా పరుగెత్తకపోవడం మూడోది.

తల్లి తనను తాను క్షమించుకుంటే బిడ్డకు అలుసవుతుందని కొందరి వాదన. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. అపరాధభావంతో ఉన్న తల్లి ఒకరోజు జాలిపడి ఇంట్లో ఉంచేస్తుంది, మర్నాడు తెగించి రెక్క పట్టుకుని లాక్కెళుతుంది. రెండింటితోనూ భయం పెరుగుతుంది. ఇంట్లో ఉండిపోయిన ప్రతిరోజూ మర్నాటి గడప మరింత ఎత్తవుతుంది.

యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన సమస్యలున్న 124 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2020లో అచ్చయింది. కొందరు పిల్లలకు నేరుగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఇచ్చారు. మిగిలినవాళ్ల విషయంలో తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చారు. రెండు పద్ధతులూ దాదాపు సమానంగా పనిచేశాయి. దీన్నిబట్టి తప్పు తల్లిదండ్రులదేనని అనుకోకూడదు. జ్వరం తగ్గించేది తల్లి చేతి తడిగుడ్డే అయినా, జ్వరం తెచ్చింది ఆమె కాదు.

ఆ శిక్షణ సారం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ‘నీకు భయంగా ఉందని నాకు తెలుసు. అయినా నువ్వు తట్టుకోగలవు.’ బడికి పంపడం కూడా మెల్లమెల్లగానే: మొదటి రోజు గేటు దాకా, తర్వాత రెండు పీరియడ్లు, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా. ఆ రెండు మాటలూ గొంతు వణక్కుండా చెప్పాలంటే ముందు తల్లి మనసు కుదుటపడాలి. లోపల తనను తాను తిట్టుకుంటున్న మనిషికి అది చేతకాదు.

అయితే బడిలో కొడుతున్నారని, వేధిస్తున్నారని తెలిస్తే పిల్లకు ధైర్యం చెప్పి పంపడం పరిష్కారం కాదు, ముందు బడిని నిలదీయాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. వారాల తరబడి భయం తగ్గకపోతే పిల్లల మానసిక వైద్యులను కలవాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. తల్లి తన బాధ చెప్పుకోవడానికైనా సరే.

తండ్రులకూ అమ్మమ్మలకూ నానమ్మలకూ ఒక్క విన్నపం. రేపు పొద్దున మీలో ఎవరో ఒకరు ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని గేటు దాకా నడవండి. ఆ అరగంట తల్లిని కూర్చుని కాఫీ వేడిగా తాగనివ్వండి. అది కూడా బిడ్డ వైద్యంలో భాగమేనని లెక్కవేయండి.