షోకేసులో రోల్స్ రాయిస్, తూకంలో అంబాసిడర్

సెమిస్టర్ బ్రేక్‌లో హాస్టల్ ఫ్రెండ్స్ నలుగురికి మా పాతబస్తీ చూపిస్తానని తీసుకెళ్లాను. చార్మినార్, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అన్నీ అయ్యాక ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లాం. అక్కడున్న కార్లలో అందరూ ఆగిపోయేది ఒక్కదాని ముందే. 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన కారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. పాపం, 1911లోనే ఆయన పోయారు, ఆ కారెక్కే యోగం లేకపోయింది. తర్వాత కూడా అది తిరిగింది కొన్ని వందల మైళ్లేనట.

మావాళ్లు సెల్ఫీల మీద సెల్ఫీలు దిగుతుంటే నాకు మాత్రం తాత గుర్తొచ్చాడు. ఆ సిల్వర్ ఘోస్ట్ వందేళ్లలో తిరిగినంత దూరం మా తాత అంబాసిడర్ ఒక్క పెళ్లిళ్ల సీజన్‌లో తిరిగి ఉంటుంది. మరి ఆ కారు ఏ మ్యూజియంలో ఉంది? ఎక్కడా లేదు. కిలోల లెక్కన తూకం వేసి అమ్మేశాం.

మా ఇల్లు లాల్ దర్వాజ దగ్గర ఒక ఇరుకు గల్లీలో. తాత ఆ కారుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది కాబట్టి ముందు సీటు సోఫాలా ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే. తాతకీ నాన్నకీ మధ్యలో నా చోటు. వెనక ఎంతమంది ఎక్కారో యాదగిరిగుట్టలో దిగాకే తెలిసేది. దసరాకి నాయనమ్మ దానికి బొట్టు పెట్టి, బంపర్‌కి బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది. పేరుకి మా కారే గానీ నిజానికి గల్లీ మొత్తానిది. అర్ధరాత్రి ఎవరింట్లో నొప్పులొచ్చినా ముందు తాత తలుపే కొట్టేవాళ్లు. పక్కింటి ఖాలా వాళ్ల పెద్దబ్బాయి ఆ వెనక సీట్లోనే పుట్టేవాడేనని, కొద్దిలో తప్పిందని ఇప్పటికీ చెప్పుకొని నవ్వుకుంటారు.

ఆ కారుకి ఒక డాక్టర్ కూడా ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనే పిలిచేవాళ్లు. ఒకసారి మే నెల ఎండలో అలియాబాద్ దగ్గర కారు ఆగిపోయింది. ఉస్తాద్ వచ్చి బానెట్ ఎత్తి, "నక్కో పరేషాన్ హో, దస్ మినిట్" అని ఒక గుడ్డ తడిపి పెట్రోల్ పంపు మీద వేశాడు. మేం చెరుకు రసం తాగొచ్చేసరికి స్టార్ట్ అయింది. చిన్నప్పుడు నేను కారుకి జ్వరం వచ్చిందనే అనుకున్నా. సెకండ్ ఇయర్‌లో వేపర్ లాక్ గురించి చదివినప్పుడు గానీ అసలు సంగతి అర్థం కాలేదు. ఇంజిన్ వేడికి పెట్రోల్ పైపులోనే ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని సరిగా తోయలేదు. చల్లబడితే ఆవిరి మళ్లీ పెట్రోల్ అవుతుంది. మనం పుస్తకంలో రెండు పేజీలు చదివిన దాన్ని ఉస్తాద్ ఒక గుడ్డముక్కతో తేల్చేశాడు.

అంబాసిడర్ గొప్ప కారని నేను అనను. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ని 1958లో మనవాళ్లు ఆ పేరుతో మొదలుపెట్టి, పెద్దగా రూపం మార్చకుండానే 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేశారు. స్టీరింగ్ తిప్పితే భుజాలు నొప్పి పుట్టేవి. ఎయిర్ బ్యాగుల మాట దేవుడెరుగు, మా కారులో వెనక సీటుకి బెల్టే లేదు. వదిలే పొగ గురించి చెప్పనక్కర్లేదు. అలాంటి బండ్లు మళ్లీ రోజూ రోడ్డెక్కాలని నేను కోరుకోవట్లేదు. నా బాధ వేరే.

సొంత కారుకి పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్, ఆ తర్వాత ఐదేళ్లకోసారి మళ్లీ అదే తిప్పట. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకని కొత్త రూల్స్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కడితే 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిప్పకూడదు, బాడుగకి నడపకూడదు. మంచి రూలే. కానీ పదిహేనుకీ యాభైకీ మధ్య ముప్పై ఐదేళ్లు ఆ కారు ఎక్కడ ఉండాలి? ప్యాలెస్ ఉన్నవాళ్లకి షెడ్డు ఉంటుంది. మా గల్లీలో స్కూటీ పెట్టడానికే రోజూ గొడవ. అందుకే చరిత్రలో మిగిలేవి నవాబుల కార్లే. మామూలు మనుషుల్ని మోసిన కార్లు యాభై నిండకముందే తుక్కయిపోతాయి.

మాదీ అంతే. తాతకి మోకాళ్లు పనిచేయడం మానేశాయి, పార్టులు దొరకడం కష్టమైంది, నాన్న తుక్కు వాళ్లకి ఇచ్చేశాడు. తాత తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. తుక్కుకి తాళం ఎందుకని వాళ్లూ అడగలేదు. 2017లో అంబాసిడర్ అనే పేరుని ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుందని పేపర్లో వస్తే నాన్న గట్టిగా చదివి వినిపించాడు. తాత ఏమీ మాట్లాడలేదు.

కారు పోతే పోయింది, ఇనుమే కదా అనుకోవచ్చు. కానీ ఇప్పుడు పోతున్నది ఉస్తాద్ చెవి. ఇంజిన్ శబ్దం విని పాయింట్ల గ్యాప్ ఎక్కువైందో, కార్బురేటర్‌లో కచరా పడిందో చెప్పేవాడు. ఆయన కొడుకు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. మనమేమో ఐసీ ఇంజిన్స్ ల్యాబ్‌లో రంగులేసిన కట్ సెక్షన్ చుట్టూ నిలబడి రికార్డు రాసి, సంతకం పెట్టించుకొని వచ్చేస్తాం. నాలుగేళ్లలో ఒక్క స్క్రూ అయినా విప్పామా?

ఈవీల కాలంలో కార్బురేటర్ ఎందుకురా అంటాడు మా రూమ్‌మేట్. నిజమే, రేపు ఉద్యోగంలో ఎవరూ అడగరు. కానీ యంత్రం ఏం చెప్తుందో విని, కారణం వెతికి, చేతిలో ఉన్నదాంతో బాగుచేయడాన్నే కదా ఇంజినీరింగ్ అంటారు! స్కానర్ పెడితే కోడ్ వస్తుంది, మంచిదే. ఆ కోడ్ ఎందుకు వచ్చిందో ఆలోచించే అలవాటు మాత్రం స్కానర్ నేర్పదు.

అందుకే నావి రెండు కోరికలు. ఒకటి, తుక్కుకి పోతున్న ఒక అంబాసిడర్‌నో మారుతి 800నో కాలేజీ కొని, ప్రతి మెకానికల్ బ్యాచ్‌తో విప్పించి బిగింపించాలి. రెండోది మన క్లబ్‌కి. పాతబస్తీ మెకానిక్‌ల దగ్గరికి వెళ్లి వాళ్ల పని, వాళ్ల మాటలు రికార్డ్ చేద్దాం. తెలుగు, దక్కనీ, ఇంగ్లీషు కలిసిన ఆ భాష ఏ టెక్స్ట్‌బుక్కులోనూ దొరకదు.

మొదటి కోరికకి ఎన్ని సంతకాలు కావాలో నాకు తెలుసు. రెండోదానికి ఒక ఫోనూ, ఒక ఆదివారమూ చాలు. ఉస్తాద్ పదింటికి షట్టర్ ఎత్తుతాడు. వచ్చేవాళ్లు చెప్పండి, చాయ్ ఖర్చు నాది. తాత తాళంచెవి కూడా తెస్తాను, ఉస్తాద్ చూస్తే సంతోషపడతాడు.