షుగర్ ఎంతో తెలుసు, బెంగ ఎంతో తెలీదు

భీమిలిలో యాభై దాటిన మనిషి డాక్టరు ముందు కూర్చుని దిగులుగా ఉందని చెప్పడం అరుదు. "ఏటో, గుండెల్లో గాభరాగా ఉంటంది", "కాళ్ళు మంటలు", "నిద్దర్లేదు" అంటారు. షుగర్ చూస్తారు, మాత్ర పెంచుతారు. మూడు నెలల తర్వాత చూస్తే మళ్ళీ అంతే. మందు సరిగా వేసుకోవడం లేదని కోప్పడతారు. నిజమే, వేసుకోవడం లేదు. ఎందుకని అడిగే తీరిక ఎవరికీ లేదు.

షుగర్ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ మిగతావాళ్ళకంటే సుమారు రెట్టింపు. బెంగపడ్డ మనిషి నడవడు, వేళకి తినడు, మాత్ర మరిచిపోతాడు. షుగర్ పెరిగి ఒంట్లో సత్తువ తగ్గాక బెంగ ఇంకాస్త ముదురుతుంది.

దీనికి దారి ఉందా అని వెతికిన పరీక్షల్లో ఒకటి మన విశాఖలోనూ జరిగింది. 'ఇండిపెండెంట్' అనే ఆ అధ్యయనంలో ఢిల్లీ, చెన్నై, బెంగళూరు క్లినిక్‌లతో పాటు విశాఖలోని ఎండోక్రైన్ అండ్ డయాబెటిస్ సెంటర్ కూడా ఉంది. షుగరూ డిప్రెషనూ రెండూ ఉన్న 404 మందిని తీసుకుని, కొందరికి మామూలు వైద్యం చేశారు. మిగిలినవాళ్ళకి ఏడాదిపాటు ఒక కోఆర్డినేటర్‌ని తోడిచ్చారు. ఆ మనిషి డాక్టరు కాదు. రోగితో మాట్లాడి, వెంటపడి, కష్టం కనుక్కునే మనిషి. వెనక నిపుణులు కేసులు చూస్తూ మందుల్లో మార్పులు సూచించేవారు. రెండో ఏడాది ఆ తోడు తీసేశారు. 24 నెలలకి లెక్క చూస్తే డిప్రెషన్ సగానికి తగ్గి, షుగర్, బీపీ, కొలెస్టరాల్‌లో ఒక్కటైనా చెప్పుకోదగ్గంత మెరుగైనవాళ్ళు 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4. ఫలితాలు 2020లో 'జామా' పత్రికలో వచ్చాయి.

అద్భుతమేమీ కాదు, తేడా నూటికి పద్నాలుగు మందే. పైగా అక్కడ మాటా మందూ కలిసి పనిచేశాయి. ఇన్సులిన్ మానెయ్యండి, కౌన్సెలింగ్‌తో నయం చేస్తామని ఎవరైనా అంటే ఈ లెక్కలు వాళ్ళకి సాక్ష్యం చెప్పవు.

మాట్లాడేందుకు పెద్ద చదువే ఉండాలా? గోవాలో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో శిక్షణ పొందిన మామూలు మనుషులు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలలకి 64 శాతం మంది తేరుకున్నారు. ఆ మాటలు లేనివాళ్ళలో 39. 'లాన్సెట్' దీన్ని 2017లో అచ్చువేసింది.

నన్ను కలవరపెడుతున్నది బెంగ ఉందని గుర్తించిన తర్వాతి కథ. ముప్పై దాటినవాళ్ళ కోసం ఆశా కార్యకర్త నింపే సీబీఏసీ ఫారంలో మనసు గురించి రెండు ప్రశ్నలున్నాయి. మార్కులు మూడు దాటితే డాక్టరు దగ్గరికి పంపాలి. పంపాక? చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్ళమంటే, జనం నోట అది ఇప్పటికీ పిచ్చాసుపత్రే; చాలామంది బస్సెక్కరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యవచ్చు, కష్టకాలంలో అది మేలే. కానీ విశాఖ పరీక్షలో మందుతో పాటు పనిచేసింది ఏడాదంతా వదలకుండా పలకరించిన మనిషి.

జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం నిబంధనల్లో సామాజిక ఆరోగ్య కేంద్రం క్లినిక్‌కి ఒక కౌన్సెలర్ ఉన్నారు. ఉప్పు తగ్గించండి, పొగ మానండి అని చెప్పడంతో ఆమె పని తీరిపోకూడదు. గోవాలో ఇచ్చినటువంటి శిక్షణ ఆమెకిచ్చి, వాయిదాకి రాని షుగర్ రోగుల జాబితా చేతికివ్వాలి. ముందు ఫోన్ వాళ్ళకే వెళ్ళాలి.