ఆ బెంచీ చేరడానికి 43 ఏళ్లు

2024 సంవత్సరం అమెరికా కళాశాల క్రీడలకు ఇచ్చిన కానుకల్లో చిరకాలం చెప్పుకోదగినది చివరి వారాల్లో, డిసెంబర్ 22 ఆదివారం నాడు, కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలో అందింది. అమెరికా మహిళల కళాశాల వాలీబాల్ ఫైనల్‌కు మునుపెన్నడూ రానంతమంది, 21,860 మంది ప్రేక్షకులు, అత్యధికులు సొంత ఊరి జట్టు లూయివిల్ గెలుపు కోరి వచ్చినవారే, చూస్తుండగా పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ (పెన్ స్టేట్) 3–1 సెట్ల తేడాతో నెగ్గి జాతీయ విజేతగా నిలిచింది. 34–32 దాకా సాగి చేజారిన రెండో సెట్ తర్వాత కూడా తొణకని ఆ జట్టు వెనుక, కీమోథెరపీతో జుట్టంతా పోయిన కోచ్ కేటీ షూమాకర్ కాలీ నిలబడి ఉన్నారు. కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ డివిజన్-1 మహిళల వాలీబాల్ టైటిల్‌ను జట్టుకు అందించిన మొట్టమొదటి మహిళా హెడ్ కోచ్ ఆమె. ఆ పోటీలు 1981లో మొదలయ్యాయి. ఆడేది ఆడపిల్లలే అయిన ఆటలో, ఆడించే మహిళ చేతికి కప్పు రావడానికి 43 ఏళ్లు పట్టింది.

ఇంత జాప్యానికి మూలం వెతుకుతూ వెళితే అడుగడుగునా విజయాలే కనిపించడం ఈ కథలోని విచిత్రం. 1895లో మసాచుసెట్స్‌లోని హోలియోక్ వైఎంసీఏలో విలియం మోర్గాన్ రూపొందించిన ఈ ఆట ఖండాలు దాటి, మన పల్లెల్లో బడి ఆవరణల దాకా వచ్చి, రెండు కర్రలూ ఒక వలా ఉంటే చాలు పొద్దుగూకే వేళ పదిమందిని పోగుచేసే ఆటగా స్థిరపడింది. కానీ అది పుట్టిన దేశంలో విశ్వవిద్యాలయాల ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులూ, ప్రయాణ ఖర్చులూ, నాణ్యమైన కోర్టులూ దక్కింది మాత్రం 1972 తర్వాతే. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధిస్తూ ఆ ఏడాది జూన్‌లో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన టైటిల్ నైన్‌లో, దాని మూల వాక్యం చదివితే, క్రీడల ఊసే లేదు. అయినా అమెరికా మైదానాల ముఖచిత్రాన్ని అంతగా మార్చిన శాసనం మరొకటి లేదు.

మారిన ఆ చిత్రంలో ఒక మూల మాత్రం చీకటి పడుతూ వచ్చింది. ఆ చట్టం వచ్చిననాడు కళాశాల మహిళా జట్లలో నూటికి తొంభైకి పైగా జట్లకు మహిళలే కోచ్‌లు. జీతం ఉన్నా లేకున్నా, తరగతిలో వ్యాయామ పాఠాలు చెప్పి, సాయంత్రం కోర్టులో నిలబడిన ఉపాధ్యాయినులు వాళ్లు. మహిళల పోటీలను నడపడానికి ఏఐఏడబ్ల్యూ అనే సొంత సంస్థను కూడా నిర్మించుకున్నారు. డబ్బూ పేరూ వచ్చాక ఆ ఉద్యోగం మగవాళ్లకూ ఆకర్షణీయమైంది. విడివిడిగా ఉన్న స్త్రీ పురుష క్రీడా విభాగాలు ఒకటై, డైరెక్టర్ కుర్చీ పురుషులదైంది. 1981–82లో ఎన్‌సీఏఏ మహిళల పోటీలను తానే చేపట్టడంతో ఏఐఏడబ్ల్యూ మూతబడింది. ఇవాళ మహిళలు కోచ్‌లుగా ఉన్న మహిళా జట్లు సగం కన్నా తక్కువ. పురుషుల జట్లకు మహిళలు హెడ్ కోచ్‌లు కావడం అత్యంత అరుదు కాబట్టి, ఇటు తగ్గినదాన్ని అటు పూడ్చుకునే దారి కూడా లేకపోయింది. వేలమంది ఆడపిల్లలను కోర్టులోకి తీసుకొచ్చిన మార్పే, వాళ్లకు ఆట నేర్పిన స్త్రీలను పక్కకు నెట్టిందని ఒప్పుకోవడం కష్టంగానే ఉంటుంది. అయినా ఒప్పుకోక తప్పదు.

ఆ మార్పుల నడుమనే, 1979లో, రస్ రోజ్ అనే పాతికేళ్ల యువకుడు పెన్ స్టేట్ మహిళా జట్టు బాధ్యత తీసుకున్నారు. వాలీబాల్ అంటే కాలిఫోర్నియా, హవాయి తీరాలదే అని అందరూ నమ్మిన రోజులవి. తూర్పు దిక్కున, కొండల మధ్య, ఫుట్‌బాల్ తప్ప మరొకటి తలకెక్కని ఊళ్లో ఆయన జట్టు కట్టడం మొదలుపెట్టారు. నెబ్రాస్కాలో మాస్టర్స్ చదువుతున్నప్పుడే వాలీబాల్ గణాంకాల మీద పరిశోధన చేసిన మనిషి కావడంతో, ఏ సర్వీస్ ఎక్కడ పడింది, ఎవరి స్పైక్ ఎన్నిసార్లు బ్లాక్ అయింది అన్నది అరుపులూ హడావుడీ లేకుండా బెంచీ మీద కూర్చుని పెన్సిల్‌తో రాసుకుంటూ పోయేవారు. ఫలితం తొందరగా రాలేదు. 1993, 1997, 1998 ఫైనళ్లు మూడూ ఓడారు. ఇరవై ఏళ్లు ఒకే చోట పనిచేశాక 1999లో హోనొలులులో స్టాన్‌ఫర్డ్‌ను ఓడించి తొలి టైటిల్ గెలిచారు. ఆ పైన 2007 నుంచి 2010 దాకా వరసగా నాలుగు, 2013లో, 2014లో మరో రెండు. 2007 సెప్టెంబర్ నుంచి 2010 సెప్టెంబర్ దాకా వరసగా 109 మ్యాచ్‌ల్లో ఓటమి లేదు. 2021 సీజన్ ముగిశాక ఆయన విరమించుకునేనాటికి ఖాతాలో 1,330 విజయాలు, 229 పరాజయాలు.

అంకెలు ఆయనకు ఇష్టం కాబట్టి అంకెలతోనే కొలవడం సబబే. అయినా ఆయన జీవితకాల కృషికి ఇంకా పెద్ద సాక్ష్యం ఆ అంకెల్లో లేదని మా అభిప్రాయం. 1999లో తొలి కప్పు ఎత్తిన జట్టులో షికాగో నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఆట ముగిశాక ఆమె ఇలినాయ్-షికాగో విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి, పేరు పెద్దగా వినిపించని జట్టుకు హెడ్ కోచ్‌గా పనిచేసి, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొద్దికాలం ఉండి, 2018లో గురువు దగ్గరికే సహాయకురాలిగా తిరిగొచ్చింది. హెడ్ కోచ్‌గా ఉన్న మనిషి మళ్లీ సహాయకురాలి కుర్చీలో కూర్చోవడం చిన్న నిర్ణయం కాదు. నాలుగు సీజన్ల తర్వాత ఆ అమ్మాయే, కేటీ షూమాకర్ కాలీ, రోజ్ వారసురాలైంది. నలభై మూడు సీజన్ల పాటు ఒకే మనిషి అధిష్ఠించిన స్థానంలోకి వచ్చే ఎవరికైనా పోలిక తప్పదు. పోల్చడానికి ఎదురుగా 1,330 విజయాలు ఉన్నప్పుడు అది మరీ కఠినం.

హెడ్ కోచ్‌గా మూడో సీజన్ సగంలో ఉండగా, 2024 అక్టోబర్‌లో, తనకు రొమ్ము క్యాన్సర్ రెండో దశలో ఉందని ఆమె ప్రకటించారు. చికిత్స సాగుతుండగానే జట్టును నడిపారు, మ్యాచ్‌లకు దూరం కాలేదు. ఆ ధైర్యానికి చేతులెత్తి నమస్కరిస్తాం. కానీ ఈ గెలుపును ఆమె అనారోగ్యం కథగా మాత్రమే చెప్పుకుంటే ఆమె విద్యకు అన్యాయం చేసినట్టే. సెమీఫైనల్లో నెబ్రాస్కాతో రెండు సెట్లు ఓడి, నాలుగో సెట్‌లో 16–22తో వెనకబడిన దశ నుంచి ఆ సెట్‌నూ, ఆపైన మ్యాచ్‌నూ లాక్కోవడం సానుభూతితో జరిగేది కాదు. ఏ క్షణాన ఎవర్ని మార్చాలో, బ్లాక్‌ను ఎటు జరపాలో, ఎదుటి లిఫ్టర్ చెయ్యి ఎటు తిరుగుతుందో తెలిసిన బుర్ర బెంచీ మీద ఉంటేనే అది సాధ్యం. ఫైనల్లో ఆ జట్టు క్రీడాకారిణి జెస్ మ్రూజిక్ 29 స్పైక్‌లను పాయింట్లుగా మలిచిందంటే, అందులో ఆమె చేతి బలంతో పాటు ఆ చేతికి బంతి చేరిన తీరు కూడా ఉంది. సీజన్ మొత్తంలో 35 గెలుపులు, రెండే ఓటములు.

ఆ ఫైనల్లో ఓడిన లూయివిల్‌కు అప్పటి కోచ్ కూడా మహిళే, డానీ బుస్‌బూమ్ కెల్లీ. ఆమె 2022లోనూ జట్టును ఫైనల్ దాకా తెచ్చారు. అంతకుముందు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం కోచ్‌గా మేరీ వైజ్ 2003లో, 2017లో ఆఖరి మ్యాచ్ దాకా వచ్చి ఓడిపోయారు. 2024 డిసెంబర్‌లో ఏ జట్టు గెలిచినా చరిత్ర మారేదన్నమాట. ఒకరి విజయం మినహాయింపుగా కొట్టేయడానికి వీల్లేకుండా ఇద్దరు మహిళలు ఎదురెదురుగా నిలవడమే మాకు ఎక్కువ సంతోషం కలిగించిన విషయం.

సంతోషం నిండుగా ఉన్నచోటే కలవరమూ ఉంది. ఈ ఆటకు ఇప్పుడు ఎన్నడూ లేనంత ఆదరణ. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ స్టేడియం మధ్యలో కోర్టు పరిస్తే 92,003 మంది వచ్చారు. 2024 ఆరంభంలో ఒక ప్రొఫెషనల్ లీగ్, 2025 జనవరిలో మరొకటి మొదలయ్యాయి. కళాశాలలు క్రీడాకారులకు నేరుగా సొమ్ము చెల్లించేందుకు వీలిచ్చే ఒప్పందానికి 2024 అక్టోబర్‌లో కోర్టు ప్రాథమిక ఆమోదం తెలిపింది. అది ఖరారు కావడంతో 2025–26 విద్యా సంవత్సరం నుంచి ఒక్కో విశ్వవిద్యాలయం ఏటా రెండు కోట్ల డాలర్లకు పైగా పంచవచ్చు. ఆ పంపకంలో ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్‌కే సింహభాగం పోతుందన్న భయం నిరాధారం కాదు. అంతకన్నా లోతైన భయం మరొకటి ఉంది: డబ్బు వచ్చినప్పుడు మహిళల ఆటలో మహిళల కుర్చీలు తగ్గడం ఈ దేశం ఒకసారి చూసింది. వాలీబాల్‌లోకి డబ్బు ఇప్పుడు మళ్లీ వస్తోంది.

అమెరికాలోని తెలుగువాళ్లం కూడా ఈ విషయాన్ని దూరం నుంచి చూసి మెచ్చుకుని ఊరుకోలేం. తెలుగు సంఘాల సభల్లో మగవాళ్లకు వాలీబాల్, ఆడవాళ్లకు త్రోబాల్ అని పోటీలు పంచే అలవాటు చాలాచోట్ల ఇంకా పోలేదు. మన పిల్లలు హైస్కూల్ జట్లలో, క్లబ్బుల్లో వల ముందు ఎగురుతున్న కాలంలో, సభల్లో మాత్రం బంతి విసిరి పట్టుకోవడమే ఆడవాళ్ల ఆటగా ఎందుకు మిగలాలి? వేసవి సభలకు కార్యక్రమాలు వేసుకుంటున్న సంఘాలు ఒక మహిళల వాలీబాల్ పోటీని చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

విశ్వవిద్యాలయాల ముందున్న పని ఇంతకన్నా బరువైనది. ప్రతి సీజన్ ముగిశాకా కొన్ని హెడ్ కోచ్ పదవులు ఖాళీ అవుతాయి. వాటికి మనిషిని ఎంచుకునే క్రీడా డైరెక్టర్లు ఇన్నాళ్లూ అర్హులైన మహిళలు దొరకడం లేదని చెబుతూ వచ్చారు. 2024లో సెమీఫైనల్ చేరిన నాలుగు జట్లలో రెండింటిని నడిపింది మహిళలే కాబట్టి ఆ జవాబుకు కాలం చెల్లింది. సహాయక కోచ్‌లుగా దేశమంతా పనిచేస్తున్న మహిళల పేర్లు ఆ డైరెక్టర్ల దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఇకపై నింపే ప్రతి ఖాళీకీ వాళ్లను ఇంటర్వ్యూకు పిలవాలి.