పారిపోయినవాడికి లాయరెందుకు?

2024 జనవరి 2న హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి పెట్రోల్ బంకుల ముందు క్యూలు గుర్తుండే ఉంటాయి. ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకి దిగారని తెలిసి ఊరంతా బంకుల మీద పడింది. ఒక డెలివరీ అబ్బాయి గుర్రమెక్కి పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన వీడియో మన గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది. నేను రూమ్మేట్ బండి తోసుకుంటూ రెండు గంటలు క్యూలో నిలబడ్డాను. ఆ చిరాకులో నేనన్న మాట ఇది: "గుద్ది పారిపోయినవాడికి పదేళ్ళు వేస్తే తప్పేంటి? దానికి మళ్ళీ సమ్మె ఒకటి!"

సంక్రాంతికి ఇంటికెళ్ళి అదే మాట మావయ్య ముందు అన్నాను. మావయ్య లారీ డ్రైవర్. ఇరవై ఏళ్ళ పైనుంచి తోలుతున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"పారిపోయినవాడంటే ఎవడ్రా అల్లుడూ? నేనూ పారిపోయినవాణ్ణే" అన్నాడు.

ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసట. నాకే తెలీదు. 2014 డిసెంబర్‌లో తెల్లవారుజామున, మొక్కజొన్న లోడుతో హైవే మీద వస్తున్నాడు. పొగమంచు. పక్కదారి నుంచి పాలక్యాన్లు తగిలించుకున్న సైకిల్ ఒకటి హైవే ఎక్కింది. బ్రేకు వేశాడు, బండి ఆగలేదు. ఆగేసరికి సైకిలాయన రోడ్డు మీద పడి ఉన్నాడు. టీ కొట్టు దగ్గరున్న వాళ్ళు కర్రలతో పరిగెత్తుకొస్తున్నారు. మావయ్య లారీ అక్కడే వదిలేసి, పొలం గట్ల మీద పడి పరిగెత్తాడు. నాలుగు కిలోమీటర్లు. ముప్పావు గంట తర్వాత పోలీస్ స్టేషన్‌కి చేరి, రైటర్ ముందు నిలబడి జరిగింది చెప్పాడు. సైకిలాయన బతకలేదు.

ఛార్జిషీటులో మాత్రం "నిందితుడు వాహనాన్ని వదిలి పరారయ్యెను" అనే రాశారు. అబద్ధం కాదు. కానీ మొత్తం నిజమూ కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాని కోర్టులో చెప్పడానికే లాయరు. నేనివాళ చెప్పదలుచుకున్నది దాని గురించే.

మన కోపం నాకు తెలుసు. 2024 మే నెలలో పుణెలో పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయినప్పుడు, కారు నడిపిన మైనర్‌కి బెయిల్ షరతుల్లో 300 పదాల వ్యాసం కూడా ఉందని విని మన హాస్టల్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. "ఇలాంటోళ్ళకి లాయర్ని పెట్టుకోనివ్వడమే తప్పు" అని ఒకడన్నాడు. నేనూ తలూపాను. కానీ ఆలోచించండి. లాయర్ని తీసేస్తే నష్టం పోర్షే వాడికి కాదు, ఏ ఇబ్బంది వచ్చినా వాడు ఇంకో దారి కొనుక్కుంటాడు. దారి లేనిది మొక్కజొన్న లోడు వాడికే. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకి నచ్చిన లాయరుని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణలోనే ఉంది. కస్టడీలో ఉన్నవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేసినా సహాయం దొరుకుతుంది.

ఇంతకీ చట్టం ఏమంటుంది? 1988 మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షన్ అని ఒకటుంది. ప్రమాదం జరిగితే డ్రైవర్ గాయపడినవాళ్ళకి వైద్యం అందేలా చూడాలి. గుంపు మీద పడే పరిస్థితి గానీ, తన చేతిలో లేని మరో కారణం గానీ ఉంటే ఆ బాధ్యతకి మినహాయింపు ఇచ్చింది. అవును, చట్టం రాసినవాళ్ళకి కర్రల సంగతి తెలుసు! కానీ ఆ మినహాయింపుతో కథ అయిపోదు. అక్కడ పోలీసు లేకపోతే, వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు, దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పి తీరాలి. అంటే ప్రాణభయంతో అక్కణ్ణించి తప్పుకోవడం వేరు, దాక్కోవడం వేరు.

సమ్మెకి కారణమైన భారతీయ న్యాయ సంహిత 106(2) కూడా దాదాపు ఇదే అంటుంది. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి చావుకి కారణమై, ఆ తర్వాత పోలీసుకో మేజిస్ట్రేటుకో త్వరగా చెప్పకుండా తప్పించుకుంటే పదేళ్ళ దాకా శిక్ష. రెండూ ఉండాలి, తప్పించుకోవడమూ, చెప్పకపోవడమూ. కానీ ఆ "త్వరగా" అంటే ఎంత? గంటా, పూటా? పాత చట్టంలో 24 అనే అంకె ఉంది, ఇక్కడ లేదు. డ్రైవర్ల భయం అక్కడ మొదలైంది. ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్‌తో మాట్లాడకుండా దీన్ని అమలు చేయమని కేంద్రం హామీ ఇచ్చాక సమ్మె ఆగింది. 2024 జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క ముక్కని పక్కన పెట్టారు.

మళ్ళీ మావయ్య కేసుకి వస్తాను. లారీ ఓనర్ పెట్టిన లాయరు ఇన్సూరెన్స్ సంగతే చూసుకుంటున్నాడని మావయ్య వేరే లాయర్ని వెతుక్కున్నాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "ఎంత స్పీడులో ఉన్నావ్?" అని కాదట. "స్టేషన్‌లో ఎన్ని గంటలకి అడుగుపెట్టావ్?" అని. ఆ రోజు జనరల్ డైరీలో రైటర్ రాసిన ఎంట్రీ కాపీ తెప్పించింది. ప్రమాదం టైమూ, ఆ ఎంట్రీ టైమూ పక్కపక్కన పెట్టింది. "పరారయ్యెను" అన్న మాట అక్కడే తేలిపోయింది.

ఇక నిర్లక్ష్యం. అది నిరూపించాల్సింది పోలీసులు. మనిషి చనిపోయాడు కాబట్టి డ్రైవర్ తప్పే అనుకోవడానికి లేదు. సాక్షులు "అతివేగంగా వచ్చాడు" అని మాత్రమే అన్నారు. ఉత్త వేగం అన్నమాటతో నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని సుప్రీంకోర్టు 1998లో కర్ణాటక కేసు ఒకదానిలో చెప్పింది. పంచనామాలో టైర్ల గుర్తులు, పక్కదారి ఎక్కడుందో చూపించే స్కెచ్చు, వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, ఇవన్నీ ఆవిడ ఒక్కొక్కటిగా చూపించింది. ఐదేళ్ళు పట్టింది. 2019లో కేసు కొట్టేశారు.

ఇక్కడ మీలో చాలామందికి వచ్చే ప్రశ్న నాకూ వచ్చింది. మరి చనిపోయినాయన ఇంటివాళ్ళకి ఏం మిగిలింది? క్రిమినల్ కేసు వేరు, పరిహారం వేరు. పరిహారం సంగతి ట్రిబ్యునల్ విడిగా చూస్తుంది. లారీ నంబరు, పాలసీ, డ్రైవరు అన్నీ తెలుసు కాబట్టి వాళ్ళకి ఇన్సూరెన్స్ నుంచి డబ్బు వచ్చింది. అదే బండి ఏదో తెలియకపోతే? అప్పుడు 161వ సెక్షన్ కింద ప్రభుత్వ పథకమే గతి. 2022 ఏప్రిల్ 1 నుంచి చావుకి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతే. ఇంటి పెద్ద పోతే 2 లక్షలు ఎన్నాళ్ళొస్తాయి? గుద్ది దాక్కున్నవాడు చట్టం నుంచి తప్పించుకోవడమే కాదు, ఆ ఇంటికి రావాల్సిన డబ్బు కూడా పట్టుకుపోతున్నాడు. నాకైతే దాక్కోవడంలో అసలు నేరం ఇదే అనిపిస్తుంది.

ఇదంతా లారీ వాళ్ళ గొడవ కదా అనుకోకండి. మన కాలేజీ గేటు నుంచి బస్టాప్ దాకా సాయంత్రం ఐదింటికి ఎన్ని బండ్లు, ఒక్కో బండి మీద ఎంతమంది? తాళం ఒకడిది, ఆర్సీ వాళ్ళ నాన్నది, నడిపేది ఇంకొకడు. ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోయిందో ఎవడికీ తెలీదు. అందులో సీనియర్లు చెప్పే సలహా ఒకటి: "ఏదైనా అయితే ఆగకు మావా, నంబరెవడూ చూడడు." ఈ సలహా ఇచ్చేవాడు ఫ్రెండ్ కాదు. సీసీ కెమెరాలు లేని రోడ్డు ఇవాళ ఎక్కడుంది? దొరికాక, అప్పటిదాకా స్టేషన్‌కి వెళ్ళలేదన్న ఒక్క విషయాన్ని ఎంత గొప్ప లాయరూ చెరపలేడు. డిఫెన్స్ కోర్టులో మొదలవుతుందనుకుంటాం. కాదు. మొదటి గంటలో మనమే దాన్ని కడతాం, లేదా కూల్చేస్తాం.

"చెబితే ఇరుక్కుంటాం కదా" అనే భయం ఉంది. ప్రమాదం జరిగిందని, ఎక్కడ, ఎప్పుడు, ఏ బండి అని చెప్పడం చట్టం అడిగే బాధ్యత. తప్పు నాదే అని ఒప్పుకోవడం వేరు. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం నేరం రుజువు చేయడానికి కోర్టులో చెల్లదు. తనకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అంటుంది. కాబట్టి బాధ్యతగా చెప్పాల్సింది చెప్పండి, ఎలా జరిగిందన్న వాదన లాయరు వచ్చాక. కథలు అల్లొద్దు, నడిపింది వేరేవాడని చెప్పొద్దు.

నా అభిప్రాయం మొత్తం మీద ఇది. దాక్కున్నవాడికి శిక్ష గట్టిగా ఉండాల్సిందే. కానీ 106(2)ని అమలు చేసే ముందు ఆ "త్వరగా"కి ఒక గడువు రాయాలి. 112కి చేసిన ఫోన్‌ని చెప్పినట్టే లెక్కేయాలి, దానికి రికార్డు ఉంటుంది కదా. లైసెన్స్ టెస్టులో నాతో 8 వేయించారు, సిగ్నల్ బొమ్మలు అడిగారు. గుద్దితే ఏం చేయాలో ఒక్కరూ అడగలేదు. అది అడగాలి. ఆగడం కన్నా పారిపోవడమే సులువుగా కనిపించినంత కాలం జనం పారిపోతూనే ఉంటారు.

ఆ రాత్రి అంతా విన్నాక "ఐతే గెలిచావు కదా మావయ్యా" అన్నాను. మావయ్య కాసేపు మాట్లాడలేదు.

"లాయరమ్మ గెలిపించింది రా. ఆవిడ అడిగినదానికల్లా నా దగ్గర సమాధానం ఉంది. అడగనిది ఒకటుంది. ఆ రోజు నా జేబులో ఫోనుంది. గట్ల మీద పరిగెత్తుతూనే ఓనర్‌కి చేశాను. 108కి చెయ్యలేదు."

వేరెవరో చేశారట. బండి వచ్చేసరికి అరగంట దాటింది. ముందే వచ్చుంటే బతికేవాడా అంటే, ఏమో, డాక్టర్లూ చెప్పలేదు. కోర్టులో ఆ ప్రశ్న రాలేదు. మావయ్యకి మాత్రం పదేళ్ళయినా అదే ప్రశ్న.

అందుకే నా ఫోన్‌లో వరుస మార్చుకున్నాను. ముందు 108. తర్వాత 112. ఆ తర్వాతే నాన్న. మీరూ మార్చుకోండి. ఈసారి ఫ్రెండ్ దగ్గర బండి తాళం తీసుకునేటప్పుడు పెట్రోల్ ఉందా అని అడిగే ముందు, ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి.