రాతిలో పాకే తీగలు

పిల్లలూ, మీరు తామర మొగ్గను చూశారు గదా? అడుగున గుండ్రంగా, పైన మొన తేలి, రేకు మీద రేకు ఒదిగి ఉంటుంది. కంబోడియా దేశంలో అంగ్‌కోర్ వాట్ అనే బ్రహ్మాండమైన దేవాలయం ఉన్నది. 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ అనే రాజు దాన్ని విష్ణువు కోసం కట్టించాడు. దాని నడిమి అయిదు శిఖరాలూ అచ్చంగా తామర మొగ్గల్లాగే ఉంటాయి.

ఆ దేశపు ప్రజలు ఖ్మేరులు. వాళ్ల నగిషీ పనికి వాళ్ల భాషలో ‘క్బాచ్’ అని పేరు. గుడి గోడలమీదనే గాక, కొయ్య తలుపులమీదా, వెండి పాత్రలమీదా కూడా ఈ నగిషీ కనిపిస్తుంది. తామర రేకు, ఆకు, పాకే తీగ, లేచే మంట—ఇవే ఈ విద్యకు ఓనమాలు.

అయితే శిల్పి ఆకును ఉన్నదున్నట్టుగా చెక్కడు. దాని అంచును సొంపుగా వంచుతాడు. కొసను సుడి తిప్పుతాడు. పెద్ద రేకులో చిన్న రేకును, అందులో మరీ చిన్న రేకును ఇముడుస్తాడు. ఎందుకంటే, చెట్టు మీది ఆకులు ఒకదానికొకటి సరిపోలవు. వాటికి ఒక లెక్క ఏర్పరిస్తే, ఒకే రూపాన్ని మళ్లీ మళ్లీ వాడి ఎంత గోడనైనా నింపవచ్చు. పొడుగాటి అంచు ఉంటే దాని వెంట తీగను పాకిస్తారు. పైకి మొన తేలిన చోట మంటను లేపుతారు.

ఈ పనితనమంతా చూడాలంటే బంతేయ్ స్రె గుడికి వెళ్లాలి. ఆ పేరుకు ‘స్త్రీల కోట’ అని అర్థం. 967లో ప్రతిష్ఠ జరిగిన ఈ చిన్న శివాలయం ఎర్రని ఇసకరాతితో కట్టినది. కొయ్యను చెక్కినంత సన్నగా ఆ రాతిని చెక్కారు. ద్వారాలపైన ఒక భయంకరమైన ముఖం ఉంటుంది. దాని నోటినుంచి పూలదండలు అటూ ఇటూ సాగుతాయి. మన గుళ్లలో మకర తోరణం చూసినవారు ఈ చుట్టరికాన్ని ఇట్టే పోలుస్తారు.

ఇంకొక విశేషం! ఖ్మేరుల నాట్యంలో చేతి ముద్రలను కూడా ‘క్బాచ్’ అనే అంటారు. చిగురు, ఆకు, పువ్వు, పండు—వీటన్నిటినీ నర్తకి తన వేళ్లతోనే చూపుతుంది.

ఇంత గొప్ప విద్యకూ ఒకప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. 1975 నుంచి 1979 దాకా ఆ దేశాన్ని ఖ్మేర్ రూజ్ అనే దళం పాలించింది. ఆ నాలుగేళ్లలో 15 లక్షల మందికి పైగా చనిపోయారు. వారిలో శిల్పులూ, చిత్రకారులూ, నర్తకులూ ఎందరో ఉన్నారు. గుళ్లు నిలిచే ఉన్నాయి. కాని ఈ విద్య ముఖ్యంగా గురువు చేతినుంచి శిష్యుడి చేతికి వచ్చేది. గురువే లేకపోతే తీగను ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు మలపాలో ఎవరు చూపుతారు?

బతికి బయటపడిన కొద్దిమంది ఊరుకోలేదు. తమకు తెలిసినదాన్ని మళ్లీ గీసి చూపి, కుర్రవాళ్లకు నేర్పారు. 2005లో ఈ నగిషీ రీతులన్నిటినీ వివరిస్తూ ఒక పెద్ద పుస్తకం కూడా వెలువడింది. రాజధాని ప్నోం పెన్‌లోని లలితకళల విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఇప్పటికీ ఈ విద్య నేర్చుకుంటున్నారు.

మీరూ చేసి చూడండి. పెరట్లోనుంచి ఒక ఆకు తెచ్చుకుని, దాని ఆకారాన్ని కాగితం మీద గీయండి. కొసను కొంచెం సుడి తిప్పండి. లోపల అలాంటిదే చిన్నది గీయండి. తరవాత ఒక తీగ గీసి, దానికి అటొకటి ఇటొకటి అవే ఆకులు తగిలించండి. నాలుగోసారికి మీ చేతికే లెక్క తెలిసిపోతుంది. అప్పుడు మీ తమ్ముడికో చెల్లెలికో దాన్ని నేర్పండి!