సభలో నవ్వు ఎవరి పక్షం?

సభామర్యాద అనగానే మన అభ్యుదయవాదులలో కొందరికి చిరాకు. మర్యాద పెద్దమనుషుల సరుకట. పోరాడేవానికి సూటి మాట చాలునట. ఎదుటివాని వాదాన్ని తుత్తునియలు చేయడానికి నాకూ అభ్యంతరం లేదు. కాని మనం ఖండిస్తున్నది వాదాన్నా, వాదించే నోటినా?

1921 నవంబరులో హైదరాబాదులో సంఘసంస్కరణ మహాసభ జరిగింది. అధ్యక్షుడు కార్వే పండితుడు. స్త్రీవిద్యకు జీవితం ధారపోసినవాడు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగానే గేలి మొదలయింది. ఆయన చెప్పదలచినది తప్పని ఎవరూ నిరూపించలేదు. తెలుగులో చెప్పడమే తప్పయింది. నవ్వినవారు ఛాందసుల సభకు వచ్చినవారు కారు, సంస్కరణ సభకు వచ్చినవారు! ఆ అవమానం నుంచే ఆంధ్రజనసంఘం పుట్టింది.

ఇంతవరకూ మనం పౌరుషంగా చెప్పుకుంటాం. తరువాతి కథ చెప్పుకోం. ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ అయింది. ఆ వేదికమీద తెలుగు తప్ప మరో భాష వినిపించరాదని పట్టుబట్టినవారు అందులోనే బయలుదేరారు. ఉర్దూలోనో మరాఠీలోనో తప్ప మాట్లాడలేని తెలంగాణావాసి తన గోడు ఎక్కడ చెప్పుకోవాలి? ఆ పట్టును సభలోపలే ఎదిరించినవారూ ఉన్నారు, వారికి నమస్కారం.

మరి మనమో? ఎదుటివానికి 'పెటీబూర్జువా' అని ముద్ర వేస్తే చాలు, వాని ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత తీరిపోయినట్టే. ఇది వర్గవిశ్లేషణ కాదు, వెలివేత. వెలి ఎవరు వేసినా వెలే.

ఈ మధ్య ఒక కళాశాల చర్చాగోష్ఠిలో ఒక విద్యార్థిని లేచి, "స్కాలర్‌షిప్పు పైసలు రాలే, ఫీజు కట్టలే, పరీక్షకు కూసోనిస్తలేరు" అన్నది. వేదికమీది ఉపన్యాసకుడు "కూసోనిస్తలేరు కాదమ్మా, కూర్చోనివ్వడం లేదు" అని దిద్దాడు. సభ ఘొల్లుమన్నది. ఆ అమ్మాయి మరి మాట్లాడలేదు.

దిద్దినవాణ్ణి నేనే. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాషకోసం చేసిన పోరాటాన్ని ఏటేటా పాఠం చెప్పేవాణ్ణి! గ్రాంథికాన్ని దింపామనుకున్న మేము, రెండు మూడు జిల్లాల చదువరుల మాటను 'శిష్టవ్యావహారికం' పేర ఆ పీటమీదనే కూర్చోబెట్టాం. మరునాడు క్షమాపణ చెప్పుకున్నాను. "ఫర్వాలేదు సార్" అన్నదామె. ఫర్వా ఉన్నది. ఆనాటి గోష్ఠి తీర్మానాలు తీసి చూశాను. సాహిత్యంమీద నాలుగున్నాయి. ఫీజు మాట ఒక్కదానిలోనూ లేదు.